మాట లేకుండా చిటికి అర్థం కావాలంటే: పోచంపల్లి నేత మీద బొమ్మలతోనే నడిచే డాక్యుమెంటరీ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. భూదాన్ పోచంపల్లిలో ఒక నేత కుటుంబం మీద 14 నిమిషాల ప్రయోగాత్మక డాక్యుమెంటరీ తీస్తున్నారు. వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు, సంగీతం లేదు. మొదటి కూర్పు చూసినవాళ్లంతా "బొమ్మలు బాగున్నాయి గానీ ఏం జరుగుతోందో తెలియలేదు" అంటున్నారు. వాయిస్ ఓవర్ పెట్టేస్తే పోతుందా అని మీ సందేహం.

పెట్టొద్దు. మీ షాట్ల జాబితా చూస్తే లోపం మాట లేకపోవడంలో లేదు. మాట వస్తుందన్న భరోసాతో తీసిన షాట్లను మాట లేకుండా పేర్చారు. చేతులు మూడు సెకన్లు, దారం మూడు సెకన్లు, ముసలామె ముఖం నాలుగు సెకన్లు, మళ్లీ చేతులు. పైన ఒక గొంతు కథ చెబుతుంటే ఇవి సరిపోతాయి. గొంతు లేనప్పుడు ప్రతి షాట్ చూసేవాడి మనసులో ఒక ప్రశ్న పుట్టించాలి, లేదంటే ముందు పుట్టిన ప్రశ్నకు జవాబివ్వాలి. ఈ రెండు పనుల్లో ఏదీ చేయని షాట్‌ను, ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టేయండి. ఈ ఒక్క కొలతతో మీ కూర్పులో సగం ఊడిపోతుంది. ఊడిపోనివ్వండి.

పోచంపల్లి నేతలో ఇలాంటి సినిమాకి కలిసొచ్చే గుణం ఒకటుంది. డిజైన్ మగ్గం మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. నేయకముందే దారాన్ని కట్టలుగా పట్టి, రంగు తగలకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. అదే చిటికి కట్టడం. ఈ పట్టీలు చాలాచోట్ల పాత సైకిల్ ట్యూబులు కోసినవే. కట్టాక రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కట్లు విప్పుతారు. కట్టు ఉన్న చోట పాత రంగు అలాగే ఉంటుంది. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టడం, మళ్లీ ముంచడం. ఇది తెలియనివాడికి మీ సినిమాలో ఏదీ అర్థం కాదు. తెలిసినవాడికి ఏదీ చెప్పక్కర్లేదు. కాబట్టి మీ 14 నిమిషాల్లో మొదటి నాలుగైదు నిమిషాల పని ఈ ఒక్క సంగతిని కంటికి చూపించడమే.

దానికి మూడు షాట్లు చాలు, ఒకే చట్రంలో తీస్తే. తెల్ల నూలు కట్ట, దాని మీద బిగించిన రబ్బరు కట్లు మొదటిది. అదే కట్ట రంగులోంచి వచ్చి ఆరాక రెండోది. బ్లేడుతో కట్టు కోస్తే లోపల తెలుపు బయటపడటం మూడోది. మూడింటికీ అదే గోడ, అదే లెన్స్, అదే దూరం, కెమెరా ఎత్తు అదే. మధ్యలో రోజులు గడుస్తాయి కాబట్టి ట్రైపాడ్ కాళ్ల చోటు నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి, ఎత్తు కొలిచి రాసుకోండి, తీసిన సమయం కూడా రాసుకోండి. ఉదయం తొమ్మిదికి మొదటిది తీసి, మూడోది సాయంత్రం నాలుగుకు తీస్తే వెలుతురు దిక్కు మారి, అది వేరే కట్ట అనుకుంటారు. మీ ప్రస్తుత కూర్పులో సరిగ్గా ఇదే జరిగింది. కట్టడం ఒక ఇంట్లో, రంగు ఇంకో ఇంట్లో, విప్పడం మూడో చోట తీశారు. నిజానికి పని అలాగే జరిగి ఉండొచ్చు, చూసేవాడికి మాత్రం అవి మూడు వేర్వేరు వృత్తులు.

కట్టు కోసే షాట్ మీ సినిమాకి ఇరుసు. దాన్ని కత్తిరించకుండా 15 నుంచి 20 సెకన్లు ఉంచండి. బ్లేడు తగలడం, రబ్బరు విడిపోవడం, ముడతపడ్డ తెల్లటి పోగులు కనిపించడం, వేలు వాటిని విడదీయడం, అన్నీ ఒకే షాట్‌లో. రెండోసారి కట్టడం వచ్చినప్పుడు ఐదు సెకన్లు చాలు, మూడోసారికి రెండు. ఒకసారి నేర్పాక ప్రేక్షకుడు మీకంటే ముందే ఉంటాడు. మీరు ప్రతిసారీ అదే నాలుగు సెకన్లు ఇచ్చారు. అందుకే మొదట్లో తొందరగా, తర్వాత సాగదీసినట్టు అనిపిస్తోంది.

పూర్తయిన చీరతో మొదలుపెట్టడం కూడా మానేయండి. జవాబు ముందే ఇచ్చేస్తే చిటికి కట్టడంలో ప్రశ్నేముంటుంది?

సినిమా పుట్టించే రెండో ప్రశ్న మగ్గం దగ్గర తేలాలి. రంగులు వేసిన పేక నూలును (బట్టలో అడ్డంగా వచ్చే పోగులు) కండెలకు చుట్టినప్పుడు దాని మీద అడ్డదిడ్డంగా మచ్చలు తప్ప ఏమీ కనిపించదు. అది డిజైన్ ఎలా అవుతుంది? ఇక్కడ చాలా దగ్గరికి వెళ్లాలి. పేక నూలును మోసే నాడె నిలువు పోగుల మధ్య నుంచి దాటుతుంది. కొత్త పోగు మీది ఎర్ర మచ్చ కింది పోగు మచ్చకంటే ఆవగింజంత పక్కకు పడుతుంది. నేసేవాళ్లు అంచు దగ్గర ఆ పోగును వేలితో కొంచెం లాగి, మచ్చ మీదికి మచ్చ వచ్చాక, అప్పుడు పోగును బట్టలోకి బిగించే పలక కొడతారు. ఆ లాగడం సెకను కూడా ఉండదు. పోచంపల్లి నేర్పంతా అక్కడ ఉంది, మీ ఫుటేజిలో అది ఒక్కసారి కూడా లేదు. మగ్గం వెనక నుంచి తీసిన పెద్ద షాట్లు మాత్రం పదకొండున్నాయి.

దీన్ని తీయడానికి 90 లేదా 100 మిల్లీమీటర్ల మ్యాక్రో లెన్స్ మంచిది. కెమెరా బట్టకు వీలైనంత లంబంగా ఉండాలి, అపర్చర్ ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య. అయినా ఫోకస్ కొన్ని మిల్లీమీటర్ల మందమే దొరుకుతుంది. చాలామంది మరిచేది ఒకటుంది. నేసేకొద్దీ బట్ట అంచు నేసేవాళ్ల నుంచి దూరంగా జరుగుతుంది, బట్టను చుట్టగానే మళ్లీ దగ్గరికి వస్తుంది. కాబట్టి ఒకసారి ఫోకస్ పెట్టి వదిలేస్తే ఐదు నిమిషాల్లో మసక. బట్ట చుట్టిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చూసుకోవాలి.

గుంట మగ్గం గదిలో ఎత్తు పెద్ద సమస్య. నేసేవాళ్లు నేల మట్టంలో కూర్చుంటారు, కాళ్లు గుంటలో ఉంటాయి. మామూలు ట్రైపాడ్ ఎంత దించినా 40, 50 సెంటీమీటర్ల పైనే ఆగుతుంది, అక్కడి నుంచి తీస్తే మనిషి మీద కిందికి చూసినట్టు ఉంటుంది. ఇసుకో బియ్యమో నింపిన గుడ్డ సంచి నేల మీద పెట్టి కెమెరాను దాని మీద కూర్చోబెట్టండి. ట్రైపాడే వాడాల్సి వస్తే కాలు మగ్గం కర్రకు తగలకూడదు, పలక దెబ్బ నేరుగా చిత్రంలోకి వస్తుంది. నేల గుండా వచ్చే అదురుకు కాళ్ల కింద సైకిల్ ట్యూబు మడిచి పెట్టండి, ఆ ఇంట్లో అది ఎలాగూ ఉంటుంది.

వెలుతురు సంగతి. ఈ గదుల్లో ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. బయట ఎండ, లోపల చీకటి. తేడా ఆరేడు స్టాపులు దాటుతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). లోపలికి ఎక్స్‌పోజర్ పెడితే తలుపు తెల్లగా మాడిపోతుంది. తలుపు బయట తెల్ల పంచె ఒకటి కట్టండి. ఎండ పలచబడి మెత్తగా లోపలికి వస్తుంది, తేడా కూడా తగ్గుతుంది. తలుపు వైపు కెమెరా తిప్పకుండా, వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడితే పోగులు విడివిడిగా కనిపిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఉదయం ఎండ గది లోపలి దాకా వస్తుంది. మే నెలలో ఆ వెలుగు అంత లోపలికి రాదు. వానాకాలం ఎలాగూ కష్టం, గుంటల్లోకి నీటి చెమ్మ దిగి పని నెమ్మదిస్తుంది, రంగేసిన నూలు ఆరదు. అయితే ఆ ఆగిపోయిన మగ్గం కూడా అక్కడి జీవితమే. సినిమాలో ఒక వాన షాట్‌కు చోటు పెట్టుకోండి.

ట్యూబ్‌లైటు ఆర్పమని అడగకండి, వాళ్లకు పోగు కనిపించాలి. బదులుగా రంగు ఉష్ణోగ్రత 5600, 6500 కెల్విన్ల దగ్గర ఉండే గొట్టాలు మీరే కొని మార్చండి, అప్పుడు పగటి వెలుతురుతో పెద్దగా గొడవ పడవు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో మాత్రం ఎప్పుడూ ఉంచొద్దు. చట్రం నిండా ఎర్ర నూలు రాగానే కెమెరా దాన్ని చల్లబరచాలని చూస్తుంది, ఒకే కట్ట మూడు షాట్లలో మూడు రంగుల్లో వస్తుంది. రంగే కథ అయిన చోట ఇది ప్రాణాంతకం. ప్రతి సెటప్ మొదట్లో బూడిద రంగు కార్డు రెండు సెకన్లు తీయండి.

మీ ఫుటేజిలో కనిపిస్తున్నాయని రాసిన "నడిచే గీతలు" షట్టర్ వల్ల వచ్చినవి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 25 ఫ్రేములకు తీస్తూ షట్టర్ 1/50 పెట్టండి, లేదా 1/100. 1/60, 1/125 వద్దు. స్లో మోషన్ కావాలంటే 120 కాదు, 100 ఫ్రేములు, షట్టర్ 1/100. నాడె గీతలా సాగిపోతోందని షట్టర్ పెంచకండి, ఆ గీతే దాని వేగం. పూర్తిగా పగటి వెలుతురులో ఒక్క షాట్ 1/200 లో తీసుకుని నాడె ఆకారం చూపిస్తే సరిపోతుంది. ఆరుబయట 1/50 నిలబడాలంటే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100 దగ్గర నిండు ఎండలో ఎఫ్ 5.6 కావాలంటే నాలుగు స్టాపులు, అంటే ఎన్‌డీ 16. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీస్తూ ఐఎస్ఓ 800 దాకా ఎక్కాల్సి వస్తే ఏడు స్టాపులు. ఎన్‌డీ 64 పెట్టి ఎఫ్ 8 కు పోవచ్చు.

బట్ట మీద కనిపించే ఇంద్రధనుస్సు అలలు వేరే జబ్బు, అది మ్వారే. పోగుల వరుసలు, సెన్సార్ వరుసలు ఒకదానితో ఒకటి పడక వచ్చేది. ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. తీసేటప్పుడే దూరం కొంచెం మార్చండి, లేదా కెమెరాను ఐదు, పది డిగ్రీలు తిప్పండి, లేదా ఫోకస్‌ను బట్ట మీద నుంచి వేళ్ల మీదికి వెంట్రుకవాసి జరపండి. చిన్న స్క్రీన్ మీద ఇది ఒక్కోసారి అబద్ధంగా కనిపిస్తుంది, ఒక్కోసారి ఉన్నది దాచేస్తుంది. కాబట్టి జూమ్ చేసి నూటికి నూరు శాతం సైజులో చూడాలి.

రంగు కాగు దగ్గర ఆవిరి లెన్స్‌ను కమ్మేస్తుంది, ముఖ్యంగా ఏసీ కారులోంచి నేరుగా దిగితే. కెమెరాను మూసిన సంచిలోనే అరగంట ఉంచి గది వేడికి అలవాటు పడనివ్వండి. సింథటిక్ ఎరుపు, గులాబీ రంగులు 8 బిట్ రికార్డింగులో ముద్దగా మారిపోతాయి. 10 బిట్‌లో తీసి, గ్రేడింగ్‌లో (రంగులు దిద్దేటప్పుడు) ఎరుపు గాఢతను, దాన్ని కొలిచి చూపే వెక్టర్‌స్కోప్ చూస్తూ తగ్గించండి. తడి నూలు ముదురుగా, ఆరిన నూలు లేతగా ఉండటం సహజం, దాన్ని "సరిచేయొద్దు".

ఇక ఏది ఎప్పుడు తీయాలన్నది మీ సెలవులను బట్టి కాదు, వాళ్ల పడుగును (మగ్గం మీద నిలువుగా సాగే పోగులు) బట్టి నడవాలి. ఒక పడుగు మీద చాలా చీరలు నేస్తారు కాబట్టి, పడుగు పట్టడం, పాత పోగులకు కొత్త పోగులు అతకడం లాంటి పనులు ఒకసారి తప్పిపోతే మళ్లీ వారాలు ఆగాలి. వీధిలో పడుగు సాగదీసే పని ఉదయాన్నే, ఎండా గాలీ పెరగకముందు జరుగుతుంది. మీ సినిమాలో ఇల్లు దాటి ఊరు కనిపించే అవకాశం అదే. పోగుల కింద నుంచి మేక దూరిపోతుంది, సైకిలువాడు దిగి వంగి దాటుతాడు, పడుగు మాత్రం కదలదు. కెమెరా ఒకచోట పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఊరిని చూపించడానికి డ్రోన్ అనుకున్నారు కదా, ఈ ఒక్క షాట్ ఉంటే డ్రోన్ అక్కర్లేదు. పై నుంచి చూస్తే ఏ ఊరైనా ఒకేలా ఉంటుంది, ఆ చూపు ఆ ఊళ్లో ఎవరికీ ఉండదు.

ఆసును పాతకాలం లాగా చేత్తో పోయించి తీయాలన్న మీ ఆలోచనతో ఏకీభవించను. అర్ధవలయంలో మేకులున్న చట్రం మీద పేక నూలును అటూ ఇటూ చేత్తో పోయడం చూడటానికి అద్భుతంగా ఉంటుంది, నిజమే. ఒక్కో చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్ల భుజాల మీద పడిన ఈ పనిని తప్పించడానికే చింతకింది మల్లేశం లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశారు, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మీరు తీస్తున్న ఇంట్లో యంత్రం ఉంటే యంత్రాన్నే తీయండి. దాన్ని పక్కకు జరిపి, "పాతకాలం లాగా" చేత్తో పోయమని ఆ ఇంటి పెద్దావిడను అడగడం డాక్యుమెంటరీ కాదు. చేయి ఆసు కావాలంటే ఇంకా చేత్తో పోస్తున్న ఇల్లు వెతకండి. ఉన్న యంత్రాన్నే, అది తిరుగుతుండగా ఆవిడ ఖాళీ చేతులతో పక్కన ఏం చేస్తోందో చూపిస్తే, అది మీరనుకున్నదాని కంటే పెద్ద షాట్ అవుతుంది.

కాలం గడిచిందని చెప్పడానికి సూర్యాస్తమయాలు, గడియారాలు వద్దు. ఆ గదిలోనే కొలతలున్నాయి. బుట్టలో కండెలు తగ్గుతాయి, నేసిన బట్ట చుట్టుకునే కర్ర లావెక్కుతుంది. ఒకే కోణం నుంచి ఈ రెండింటినీ మూడు నాలుగు సార్లు తీసి పెట్టుకోండి. కూర్పులో ఎక్కడ కావాలంటే అక్కడ వారం గడిచిపోతుంది.

డబ్బు గురించి మీ కూర్పులో ఏమీ లేదు. మాట లేదు కాబట్టి చూపలేం అనుకున్నట్టున్నారు. చూపొచ్చు. నూలు తూకం వేసి ఇవ్వడం, చీర మడత విప్పి అంగుళం అంగుళం తడిమి చూడటం, ఒక లోపం దగ్గర వేలు ఆగడం, నోట్లు లెక్కపెట్టడం. వేలు ఆగిన చోట కట్ చేసి నేసినవాళ్ల ముఖం. అంతే. అయితే ఖాతా పుస్తకంలో పేర్లు, ఫోన్ నంబర్లు చట్రంలోకి రానివ్వకండి. గ్రాఫ్ కాగితం మీది డిజైన్ కూడా అంతే. పోచంపల్లి ఇకత్‌కు, అంటే ఈ చిటికి నేతకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నా, ప్రింటు నకళ్లు, పవర్‌లూమ్ నకళ్లు ఆగలేదు. 4కె లో స్పష్టంగా తీసిన గ్రాఫ్ నేరుగా నకలుకు పనికొస్తుంది. అడిగి, ఒక మూల మాత్రమే కనిపించేలా తీయండి. ఇంకో మాట: కూలి చీర లెక్కన వస్తుంది. మీరు పెట్టించే ప్రతి "ఒక్క నిమిషం ఆగండి" వాళ్ల సంపాదనలోంచి పోతుంది. పోయిన పనికి ముందే ఒక రేటు మాట్లాడుకుని ఇవ్వండి. అనుమతి పత్రం తెలుగులో రాయించండి.

ధ్వని: బొమ్మలతోనే అంటే నిశ్శబ్దం అని మీరు అనుకుంటున్నారా లేదా తేల్చుకోండి, మధ్యలో ఉండొద్దు. పూర్తి నిశ్శబ్దం గ్యాలరీలో నిలబడుతుంది, హాల్లో దగ్గులు వినిపిస్తాయి. నా ఓటు మగ్గం ధ్వనికే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పలక దెబ్బ శిఖరం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. ప్రతి గదిలో పని ఆగాక ఒక నిమిషం ఖాళీ ధ్వని. మగ్గాల దగ్గర ఫోన్లో సినిమా పాటలు మోగుతూనే ఉంటాయి. అవి రికార్డయితే హక్కుల గొడవ, పైగా పాట మధ్యలో ఎక్కడ కట్ చేసినా అతుకు వినిపిస్తుంది. నిజానికి అది ఆ గది ధ్వనే, కాబట్టి బాధగానే ఉంటుంది. అయినా ఆ పూట ఆపమని అడగండి.

లెక్కలు. 14 నిమిషాలంటే 840 సెకన్లు. షాట్ సగటు 8 సెకన్లయితే దాదాపు 105 షాట్లు. మీ కూర్పులో 230 ఉన్నాయి. ఏడు గంటల ఫుటేజి, సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున, గంటకు 45 జీబీ, మొత్తం 315 జీబీ. ఒక టెరాబైట్ డ్రైవులు రెండు, మూడో నకలు వేరే ఇంట్లో.

కొత్త కూర్పు టైమ్‌లైన్ మీద మొదలుపెట్టకండి. షాట్‌కొక ఫ్రేము చొప్పున పోస్టుకార్డు సైజులో ప్రింట్లు తీసి నేల మీద పరచండి. నేత తెలియని ఒకరిని పిలిచి, వరుసగా చూసి ఏం జరుగుతోందో చెప్పమనండి. మీరు నోరు మెదపకూడదు. వాళ్లు "ఎందుకు కడుతున్నారు?" అని అడిగితే మంచిదే, ప్రశ్న పుట్టింది. రంగు తర్వాత కూడా అదే అడిగితే కార్డుల వరుస తప్పు. ఇది తేలాక కంప్యూటర్ దగ్గరికి వెళ్లండి, ఆ కూర్పును ధ్వని మూసేసి ఇంకొకరికి చూపించండి.

మొదట్లో ఊరి పేరుతో ఒక కార్డు వేస్తే నియమం తప్పినట్టా అని అడిగారు. 1929లో సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ మధ్యలో అక్షరాల కార్డులు లేని సినిమా తీస్తూ, ఆ సంగతిని సినిమా మొదట్లో అక్షరాల్లోనే చెప్పాడు. కాబట్టి నియమం తప్పినట్టు కాదు. ఊరి పేరు, ఏడాది, అంతవరకు వేయండి. చివర్లో నేసినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, మీ పేరు కంటే ముందు.

ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపేముందు డీసీపీ (థియేటర్లో ఆడించే డిజిటల్ కాపీ) సెకనుకు ఎన్ని ఫ్రేముల్లో తీసుకుంటారో కనుక్కోండి. 25 ను 24 కు మారిస్తే మీ 840 సెకన్లు 875 అవుతాయి, మగ్గం నాలుగు శాతం నెమ్మదిస్తుంది, దాని చప్పుడు కొంచెం బరువెక్కుతుంది. 25 లోనే తీసుకునే చోటైతే అలాగే పంపండి. లేదంటే మార్చాక ధ్వని శ్రుతిని మళ్లీ సరిచేయించి, పలక దెబ్బ బట్టను తాకే ఫ్రేము దగ్గర సింక్ ఒకసారి చూసుకోండి.